మైనపు పళ్ళు చెక్కించడం దండగ అంటున్నవాళ్ళకి

బీడీఎస్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: డెంటల్ కాలేజీల్లో చెప్పేదంతా పాతకాలపు చదువు. మొదటి ఏడాది మైనం దిమ్మల మీద పళ్ళు చెక్కించడం, రెండో ఏడాది ఫాంటమ్ హెడ్ (ప్రాక్టీసుకి వాడే బొమ్మ తల) ముందు కూర్చోబెట్టి ఎవరూ వాడని అమాల్గమ్ (పాదరసం కలిసిన లోహపు ఫిల్లింగ్) నింపించడం టైమ్ వేస్ట్. పేషెంట్లకు ఇప్పుడు కావలసింది తెల్లటి పళ్ళు, అందమైన నవ్వు. దాన్ని సాఫ్ట్‌వేర్ డిజైన్ చేస్తుంది, మిషన్ తయారుచేస్తుంది. మిగతాది రెండు రోజుల వర్క్‌షాప్‌లో వచ్చేస్తుంది. కాలేజీలో పాసైతే చాలు, అసలు పని బయట నేర్చుకోండి.

నేను కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ, అంటే పుచ్చిన, విరిగిన పళ్ళను బాగుచేసి నిలబెట్టే పాఠాలు చెప్పే మనిషిని. ఈ మెసేజ్‌ను మా విద్యార్థులే నాకు పంపి, "నిజమేనా మేడమ్?" అని అడిగారు. పిల్లలు నమ్మే స్థితిలో ఉన్నారు కాబట్టి జవాబు చెప్పక తప్పదు. ఇందులో నిజం ఉన్నచోట ఉందనే చెబుతాను.

"మైనం చెక్కడం దేనికీ పనికిరాదు."

ముందు పన్ను కొన విరిగిన పేషెంట్ వచ్చాడనుకోండి. పక్క పన్ను నిక్షేపంగా ఉంది. విరిగినదాన్ని కాంపోజిట్‌తో (పన్ను రంగులో ఉండే రెసిన్) కట్టాలి. రంగు ఎంత బాగా కలిసినా ఆకారం కాస్త తేడా వస్తే ఎదుటివాళ్ళ చూపు సరిగ్గా అక్కడే పడుతుంది. ముందు పన్ను ముఖం చదునుగా ఉండదు. చిగురు దగ్గర ఒక వాలు, మధ్యలో మరొకటి, కొనకు వచ్చేసరికి లోపలికి ఇంకొకటి ఉంటాయి. రెండు పక్కలా వెలుగు పడి మెరిసే గట్లుంటాయి, వాటినే లైన్ యాంగిల్స్ అంటాం. ఆ గట్ల మధ్య ఉన్న ఎడమే పన్ను ఎంత వెడల్పుగా కనిపించాలో తేలుస్తుంది. ముందు పళ్ళ సందు మూసినప్పుడు పన్ను నిజంగానే వెడల్పవుతుంది. అయినా గట్లను ఒక వెంట్రుకవాసి లోపలికి జరిపి కడితే కంటికి ఆ తేడా తెలియదు. ఈ పని ఫైనల్ ఇయర్లో పేషెంట్ నోట్లో చేయాలంటే చేతికీ కంటికీ అలవాటు ఎప్పుడో పడి ఉండాలి. మైనం మీద ఎక్కువ గీసేస్తే ఇంకో దిమ్మ తీసుకోవచ్చు కాబట్టే అక్కడ మొదలుపెడతాం. స్మైల్ డిజైన్ అని పేరు పెట్టుకున్నది మొదటి ఏడాది చేసిన ఈ పని మీదే ఆధారపడి ఉంది.

"అమాల్గమ్ పోయింది, దాని ప్రాక్టీస్ ఎందుకు?"

ఇందులో సగం నిజం. పాదరసం వాడకం తగ్గించాలని 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది. మన దేశమూ అందులో ఉంది. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి కొన్ని మినహాయింపులతో అమాల్గమ్ ఫిల్లింగులు ఆపేసింది. ప్రీ క్లినికల్‌లో (పేషెంట్లను ముట్టుకోకముందు ఇచ్చే శిక్షణలో) అమాల్గమ్‌కి ఇచ్చే గంటలు తగ్గించి కాంపోజిట్‌కి ఇవ్వాలంటే నేనూ ఒప్పుకుంటాను.

కానీ చేతిపని శిక్షణే అక్కర్లేదనడం పొరపాటు. రెండు దవడ పళ్ళ మధ్య పుచ్చును తీసుకోండి. అమాల్గమ్‌ని గట్టిగా కూరితే అది పన్ను చుట్టూ చుట్టిన మెటల్ బ్యాండ్‌ని పక్క పన్ను మీదికి నెడుతుంది, పళ్ళు ఒకదానికొకటి ఆనుకుంటాయి. కాంపోజిట్‌కి అంత నెట్టే శక్తి లేదు. పైగా నీలి లైటు పడి గట్టిపడేటప్పుడు అది రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. అందుకే మామూలు కాంపోజిట్‌ని 2 మిల్లీమీటర్లకు మించకుండా పొరలు పొరలుగా పెట్టాలి. ఆ పన్నుకు సరిపోయే సెక్షనల్ మాట్రిక్స్ (పుచ్చు పక్కన గోడలా నిలిపే పలచటి రేకు) ఎంచుకోవాలి, దాన్ని బిగించే వెడ్జ్ దూర్చాలి, పళ్ళను కాస్త ఎడంగా నెట్టే రింగ్ తగిలించాలి, ఎంగిలి తడి తగలకుండా రబ్బర్ డ్యామ్ (పన్ను చుట్టూ తొడిగే రబ్బరు పొర) వేయాలి. వీటిలో ఒకటి తప్పినా వారం తిరక్కుండా పేషెంట్ వచ్చి, "అన్నం మెతుకు ఇరుక్కుంటోంది డాక్టర్ గారూ, రోజూ పుల్లతో తీసుకోవాల్సొస్తోంది" అంటాడు. అమాల్గమ్‌తో చెల్లిపోయే చిన్న లోపం కాంపోజిట్‌తో చెల్లదు. అమాల్గమ్ వెళ్ళిపోతున్నకొద్దీ ఫాంటమ్ హెడ్ ముందు కూర్చునే గంటలు పెరగాలి.

"సాఫ్ట్‌వేర్ డిజైన్ చేస్తుంది, మిషన్ తయారుచేస్తుంది."

కుర్చీ పక్కనే స్కాన్ చేసి పింగాణీ ముక్కను మరపట్టే పద్ధతి 1985లోనే జ్యూరిక్‌లో మొదలైంది. ఈ నలభై ఏళ్ళలో మిషన్లు చాలా బాగుపడ్డాయి, అవి మా విద్యార్థులకు అందుబాటులోకి రావాలనే నా కోరిక కూడా. అయితే స్కానర్ తనకు కనిపించినదాన్ని మాత్రమే పట్టుకుంటుంది. పన్ను అంచు వంకరగా కోస్తే వంకరే వస్తుంది. చిగురు నుంచి రక్తం కారుతుంటే ఆ అంచు దానికి కనపడదు. స్క్రీన్ మీద గీసే గోల్డెన్ ప్రపోర్షన్ గీతలూ (పక్కపక్క పళ్ళ వెడల్పులు 1.618 నిష్పత్తిలో కనిపించాలనే లెక్క) అంతే. సహజంగా అందంగా ఉన్న పళ్ళలో ఆ 1.618 కొలత ఉండనివే ఎక్కువ.

"పేషెంట్‌కి కావలసింది తెల్లటి పళ్ళే."

ఈ మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) గురించి మొదటి నివేదిక 1937లో వచ్చింది, అదీ ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతం నుంచే. నల్లగొండ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఈ జిల్లాల నుంచి గోధుమరంగు మచ్చలున్న పళ్ళతో, చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడే పిల్లలు మా దగ్గరికి వస్తారు. పెళ్ళిచూపుల లోపల తెల్లగా చేయమని తల్లిదండ్రులు అడుగుతారు. అది తీర్చవలసిన కోరికే, చులకనగా చూడవలసింది కాదు.

ఎలా తీర్చాలన్నదే చదువు. ముందు బ్లీచింగ్ చూడాలి. తర్వాత మైక్రోఅబ్రేషన్, అంటే యాసిడ్ కలిసిన పేస్టుతో పైపొరను పలచగా రుద్ది తీయడం. అవి చాలకపోతే కాంపోజిట్. వెనీర్లు (ముందు పన్ను మీద అతికించే పలచటి పెంకులు) చివరి మాట. ఎందుకంటే ముందు పన్ను చిగురు దగ్గర ఎనామిల్ (పన్ను గట్టి పైపొర) మందం అర మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. వెనీర్ కోసం అక్కడ అర మిల్లీమీటరు కోస్తే కింద డెంటిన్ (ఎనామిల్ కింది మెత్తటి పొర) బయటపడుతుంది. యాసిడ్ తగిలించి ఎనామిల్‌కి పట్టు తెప్పించవచ్చని అమెరికన్ దంతవైద్యుడు బ్యూనోకోర్ 1955లో చూపించాడు. అతికించి చేసే ఈ పనులన్నిటికీ ఈనాటికీ అన్నిటికన్నా నమ్మకమైన ఆధారం ఆ ఎనామిలే. డెంటిన్ మీద అంత పట్టు రాదు, ఒకసారి కోసిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. ఫ్లోరోసిస్ పన్నులో ఇంకో చిక్కు ఉంది. దాని పైపొర యాసిడ్‌కి తేలిగ్గా లొంగదు, మామూలు పన్నుకు సరిపోయే సెకన్లు దానికి సరిపోవు. ఇరవై ఏళ్ళ అమ్మాయికి ఎనిమిది పళ్ళు అరగదీసి వెనీర్లు వేస్తే, వాటిని జీవితంలో ఎన్నిసార్లు మార్చుకోవాలో కూడా ఆమెకు ముందే చెప్పాలి. ఈ సంభాషణ ఎలా చేయాలో విద్యార్థికి నేర్పకుండా పళ్ళు అరగదీయడం నేర్పితే అన్యాయం ఆ అమ్మాయికి జరుగుతుంది.

"రెండు రోజుల వర్క్‌షాప్ చాలు."

డిగ్రీ చేతికొచ్చాక కొత్త మెటీరియల్ గురించి తెలుసుకోవడానికి వర్క్‌షాప్ మంచిదే, నేనూ వెళ్తాను. కానీ అక్కడ ఇచ్చేది ఎక్కువగా ప్లాస్టిక్ పన్ను. ఎనామిల్ నుంచి డెంటిన్‌లోకి దిగినప్పుడు బర్ (పన్ను కోసే తిరిగే మొన) కింద వచ్చే తేడా అందులో తెలియదు. ప్లాస్టిక్ పన్ను ఆరిపోయి రంగు మారదు. నిజం పన్ను రబ్బర్ డ్యామ్ కింద ఆరి తెల్లబడుతుంది, అందుకే డ్యామ్ వేయకముందే షేడ్ (పన్ను రంగు) చూసుకోవాలి. అది మరిచిపోయిన విద్యార్థి ఫిల్లింగ్ మర్నాటికి పక్క పళ్ళ కంటే తెల్లగా తేలిపోతుంది. అన్నిటికీ మించి, ఏడాది తర్వాత ఆ పన్ను ఎలా ఉందో వర్క్‌షాప్‌లో ఎవరూ చూడరు.

మెసేజ్‌లో నిజమైన ఫిర్యాదు ఒకటుంది, అది కోటా. ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని రికార్డులు, ఇన్ని సంతకాలు అని లెక్క పెట్టడం వల్ల పిల్లలు పేషెంట్ కోసం వెతుక్కుంటూ టెన్షన్ పడతారు. చేసిన ఫిల్లింగ్ నిలిచిందా లేదా అని అడిగేవాళ్ళు లేరు. 2007 బీడీఎస్ నియమావళి సిలబస్‌లోనే ఈస్తటిక్ డెంటిస్ట్రీ (పళ్ళ అందానికి చేసే చికిత్స) ఉంది. ఉన్నా చాలాచోట్ల అది క్లాసుల దగ్గరే ఆగిపోతోంది, కుర్చీ దాకా రావడం లేదు. దీనికి బాధ్యత మా టీచర్లది.

నేను మా డిపార్ట్‌మెంట్లో అడుగుతున్నది ఇది. థర్డ్ ఇయర్లో తాను చేసిన ఫిల్లింగుల్లో కొన్నింటిని ప్రతి విద్యార్థీ ఫైనల్ ఇయర్లో పిలిపించి చూడాలి. అప్పటి ఫొటో, ఇప్పటి ఫొటో పక్కపక్కన పెట్టి, అంచు రంగు మారిందా, సందులో ఫ్లాస్ పట్టి వస్తోందా, చిగురు వాచిందా అని తానే రాయాలి. ఫిల్లింగుల సంఖ్యకిచ్చే మార్కుల్లో సగం కోసి దీనికివ్వాలి.