అరికాలు చూపించమని ఎవరూ అడగరు

పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో మా క్లాస్ టీచర్ అందరినీ వరసగా నిలబెట్టి ఒంటి మీద పుట్టుమచ్చలు వెతికారు. సర్టిఫికెట్‌లో రెండు గుర్తులు రాయాలి కదా. నాకు కుడి మోచేతి మీద ఒకటి, మెడ మీద ఒకటి దొరికాయి. ఆ తర్వాత ఈ ముప్ఫై ఏళ్లలో నా మచ్చల జోలికి ఎవరూ రాలేదు, నేనూ పోలేదు.

మా పిన్నిది హిందూపురం. కొడుకు ఉద్యోగం బెంగళూరులో కావడంతో ఎనిమిదేళ్లుగా మారతహళ్లిలో ఉంటోంది. రెండేళ్ల క్రితం ఆవిడ ఎడమ మడమ కింద కందిగింజంత నల్లమచ్చ కనబడింది. ‘అరికాల్లో మచ్చుంటే దేశాలు తిరుగుతారంట, వీడు నన్ను అమెరికా తీసుకుపోతాడేమో’ అని నవ్వింది. మేమూ నవ్వాం. యాభై ఎనిమిదేళ్ల వయసులో కొత్తగా పుట్టుమచ్చ ఏమిటని ఒక్కరికీ తట్టలేదు. నాలుగు నెలల్లో అది అంచులు చెదిరి అర్ధరూపాయి బిళ్లంత అయింది. అప్పుడప్పుడు చెప్పుకు రక్తపు మరక. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో ఆనెకాయ అని చెప్పి అతికించుకోవడానికి పట్టీలిచ్చారు. అలా ఇంకో మూడు నెలలు పోయాయి. చివరికి కోడలికి జుట్టు రాలుతోందని చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్తే, తోడుగా వెళ్లిన పిన్ని కుంటడం చూసి ఆ డాక్టరమ్మే చెప్పు విప్పమంది. ముక్క తీసి టెస్టుకు పంపితే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని వచ్చింది.

చర్మ క్యాన్సర్ అనగానే మనకు తెల్లవాళ్లు, సముద్రపు ఒడ్డు, ఎండ గుర్తొస్తాయి. అది ఉత్త అపోహేం కాదు. ఆస్ట్రేలియాలో ఏటా లక్ష మందిలో 30 మందికి పైగా మెలనోమా వస్తుంది. మన దేశంలో లక్షకు ఒకరు కూడా ఉండరు. చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని వాళ్లు 1981లో మొదలుపెట్టిన ప్రచారం వాళ్లకు ప్రాణావసరం. మనం ఆ ప్రచారంలోంచి క్రీమును మాత్రం దిగుమతి చేసుకున్నాం. బెంగళూరులో ఏ మెయిన్ రోడ్డు మీద చూసినా నాలుగు క్రాస్‌లకో స్కిన్ క్లినిక్ ఉంది. మెరుపు ప్యాకేజీ, లేజర్ ప్యాకేజీ, పెళ్లికూతురి ప్యాకేజీ. మొహం తప్ప ఒంట్లో ఇంకెక్కడా చర్మమే లేనట్టు!

మన చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఎండకు గొడుగు పడుతుంది, నిజమే. కానీ అరికాలు, అరచేయి, గోళ్ల కింద వచ్చే మెలనోమాకు ఎండతో పెద్దగా పనిలేదు. ఆ రకం తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ దాదాపు ఒకే మోతాదులో వస్తుంది. ఎండ వల్ల వచ్చే రకాలు మనకు తక్కువ కాబట్టి, వచ్చే కొద్దిపాటి మెలనోమాల్లో దీని వాటాయే పెద్దది. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977లో బయటపడింది ఇదే, కాలి బొటనవేలి గోరు కింద. మొదట ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981లో, 36 ఏళ్లకే పోయారు.

మెలనోమా ఒక్కటే కూడా కాదు. ఎప్పుడో చిన్నప్పుడు కిరోసిన్ స్టవ్ అంటుకుని కాలిన మచ్చ, ఏళ్లు గడిచాక పగిలి పుండై మానకపోతే అది స్క్వేమస్ సెల్ అనే ఇంకో రకం చర్మ క్యాన్సర్ కావచ్చు. లంగా నాడా నలభై ఏళ్లు ఒకేచోట బిగించి కట్టడంతో నడుం చుట్టూ నల్లగా కాయ కాసి, పొట్టు లేచి, అరుదుగా అక్కడే పుండు క్యాన్సర్‌గా మారిన కేసులు మన దేశపు డాక్టర్లే రాశారు. పంచె ముడి దగ్గర వచ్చే ఇలాంటి దాన్ని బొంబాయి పాథాలజిస్టు వి.ఆర్.ఖనోల్కర్ 1945లోనే నమోదు చేశారు. మడమ, పాత కాలిన మచ్చ, నాడా గీత. వీటిలో ఏదీ సన్‌స్క్రీన్ రాసుకునే చోటు కాదు. మన ఆడవాళ్లు శుక్రవారం పూట పాదాలకు పసుపు రాసుకుంటారు, పండక్కి పారాణి పెట్టుకుంటారు. అదంతా పాదం పైన, అంచుల మీద. కిందికి తిప్పి చూసుకోవడం మాత్రం ఉండదు.

మెలనోమా విషయంలో అన్నీ మిల్లీమీటర్ల లెక్కలే. మచ్చ చర్మంలోకి ఎంత లోతు దిగిందన్నదే అన్నిటికన్నా ముఖ్యం. 1 మిల్లీమీటరు లోపుంటే చాలామందికి కోసి తీసేయడంతో సరిపోతుంది. పిన్నిది దాదాపు 3. చుట్టూ 2 సెంటీమీటర్ల మంచి చర్మంతో సహా తీసి, తొడ మీది చర్మం తెచ్చి మడమకు అతికించారు. మడమ కంటే తొడే ఎక్కువ మండిందని ఇప్పటికీ అంటుంది. గజ్జలోని గ్రంథికి పాకిందేమో చూడ్డానికి నీలం రంగు మందు ఎక్కిస్తే మర్నాడు మూత్రం ఆకుపచ్చగా వచ్చింది. ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి ఇల్లంతా మేలుకుని టెన్షన్ పడేవాళ్లం కాదు. ఆ గ్రంథిలో క్యాన్సర్ కణాలు కనబడ్డాయి.

అక్కడి నుంచి ఇమ్యునోథెరపీ. మూడు వారాలకోసారి సెలైన్ పెట్టి ఎక్కించే మందు, ఏడాది పాటు. మన రోగనిరోధక వ్యవస్థకు ఉండే బ్రేకును ఈ మందు వదులు చేస్తుంది. ఈ ఆలోచనకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. ఒక్కో డోసు లక్షల్లో. ఇన్సూరెన్సు కొంత, మందుల కంపెనీ సహాయ పథకం కొంత, హిందూపురంలో అమ్మిన స్థలం కొంత. జుట్టు ఊడలేదు కాబట్టి చూసేవాళ్లకు జబ్బున్నట్టే అనిపించదు. కానీ బ్రేకు వదులైన బండి ఎటైనా పోతుంది. పిన్నికి థైరాయిడ్ దెబ్బతింది, ఇక రోజూ మాత్ర తప్పదు. ఆరో నెలలో చేతుల మీద, మెడ దగ్గర తెల్లమచ్చలు మొదలయ్యాయి.

ఈ తెల్లమచ్చల గురించి ఎవరూ రాయరు గానీ, అసలు కష్టం ఇక్కడే ఉంది. రంగునిచ్చే కణాలే అదుపు తప్పి మెలనోమా అవుతాయి. వాటి మీదికి ఉసిగొల్పిన సైన్యం మామూలు రంగు కణాలనూ కొడుతుంది. అందుకే చాలాసార్లు ఇది మందు పనిచేస్తోందనడానికి గుర్తు. మా డాక్టర్ ఆ మచ్చలు చూసి సంతోషపడ్డాడు. అపార్ట్‌మెంట్‌లో మాత్రం లిఫ్టులో ఒకావిడ తన పిల్లను పక్కకు లాక్కుంది. బొల్లి అంటువ్యాధి కాదని ఎన్ని తరాలు చెప్పాలో. ‘క్యాన్సర్ అని చెబితే జాలిపడతారు, బొల్లి అనుకుంటే జరిగి కూర్చుంటారు. ఏది చెప్పమంటావు?’ అని పిన్ని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నిండు చేతుల జాకెట్లు కుట్టించుకుంది.

హోసూర్ రోడ్డులోని కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రి ముందు పొద్దున్నే నిలబడితే మడకశిర, మదనపల్లె, కుప్పం మాటలన్నీ వినిపిస్తాయి. చేతుల్లో స్కానింగ్ కవర్లు. అంతదూరం వచ్చేవాళ్లలో కొందరు ‘కత్తి తగిలితే పాకుతుంది’ అన్న మాటకు భయపడి, ముక్క తీసి చూసే బయాప్సీని నెలల తరబడి వాయిదా వేసినవాళ్లు. నల్లమచ్చను సున్నంతో కాల్పించుకున్నవాళ్లదీ, పార్లర్‌లో మాడ్పించుకున్నవాళ్లదీ ఇంకో చిక్కు. టెస్టుకు పంపాల్సిన ముక్కే మిగలదు.

చూసుకోవడానికి కావలసింది అద్దం, వెలుతురు, నెలకు ఐదు నిమిషాలు. పెద్ద వయసులో కొత్తగా వచ్చిన మచ్చ, పెరుగుతున్నది, రంగులు కలగలిసినది, రక్తం కారేది, నాలుగు వారాలైనా మానని పుండు ఉంటే చూపించుకోవాలి. గోళ్లలో నల్లచారలు మన రంగువాళ్లకు చాలామందికి మామూలే. ఒక్క గోటికే వచ్చి, వెడల్పవుతూ, గోరు చుట్టూ చర్మంలోకి కూడా నలుపు దిగితే మాత్రం ఆగకూడదు.

పిన్ని ఇప్పుడు మూడు నెలలకోసారి చెకప్‌కు వెళ్తోంది. ఎడమ కాలికి బిగుతు సాక్సు, మెత్తటి అట్ట పెట్టిన చెప్పు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఫ్యామిలీ గ్రూపులో అరికాళ్ల ఫోటోలు పెట్టమంటుంది. మా బాబాయి ఇంతవరకు పెట్టలేదు.