గుంత పొంగనాల గ్రీన్

శనివారం కమ్యూనికేషన్ స్కిల్స్ ట్రైనింగ్ అయింది. సోమవారం పొద్దున పరువు పోయింది. మధ్యలో ఆదివారం ఒక్కరోజు మాత్రం సుఖంగా ఉన్నాను.

తిరుపతి దగ్గర ఒక చిన్న గోల్ఫ్ మైదానంలో మెయింటెనెన్స్ మేనేజర్ని. మా బంధువులు మాత్రం "గడ్డి కోయిస్తాడంట" అంటారు. బెంగళూరు నుంచి ట్రైనర్ వచ్చారు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, చిరునవ్వు ఉండాలి, ఏ మాటైనా మూడు వాక్యాల్లో తేల్చాలి. చివర్లో సర్టిఫికెట్, సమోసా.

గ్రీన్ అంటే బంతిని గుంతలోకి దొర్లించే నున్నటి గడ్డి. తొక్కుడుకి కింద మట్టి గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు. అందుకని అప్పుడప్పుడు అర అంగుళం వెడల్పు చిల్లులు పొడిచి, పైకొచ్చిన మట్టి ఎత్తేసి, ఇసుక నింపుతాం. దానికి మెషీన్ ఉంది. మా మేస్త్రీ మాత్రం ఆ పనికి కొత్త. ఆయనకు తెలిసిన గుంత ఒక్కటే: జెండా పెట్టేది, నాలుగుంబావు అంగుళాల వెడల్పుది. హోల్ కట్టర్‌తో దాన్ని చోటు మార్చి తవ్వడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు.

ఆదివారం రాత్రి వాట్సాప్‌లో పెట్టాను: "రేపు ప్రాక్టీస్ గ్రీన్ అంతా దగ్గర దగ్గరగా గుంతలు కొట్టండి. మట్టి ఎత్తేయండి. గుంతల్లో ఇసుక పోయండి." సరిగ్గా మూడు వాక్యాలు. నవ్వు బొమ్మ కూడా పెట్టాను.

పొద్దున వెళ్లేసరికి అరవై మూడు గుంతలు. నేనే లెక్కపెట్టాను, ఇంకేం చేయాలో తోచక. తాడు పట్టి కొట్టినట్టున్నారు, ఒక్క వరస వంకర లేదు. పచ్చటి గడ్డిలో గుండ్రంగా తెల్లటి ఇసుక. మా అమ్మ గుంత పొంగనాల పెనంలో పిండి పోసి మూత పెట్టబోయే ముందు అచ్చం ఇలాగే ఉంటుంది. పరువు పోతున్న ఆ వేళ కూడా నాకు పల్లీల చట్నీ గుర్తొచ్చింది, ఏం చేయను. పుల్లతో ఒక్కొక్కటీ తిరగేస్తే కింద ఎర్రగా కాలి ఉంటుందేమో అనిపించింది.

"నలుగురం తెల్లారి మూడింటికే మొదలుపెట్టినాం సార్. చాలకుంటే ఇంకో రెండు వరసలు కొట్టిస్తా" అన్నాడు మేస్త్రీ. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. తీసిన మట్టి బిళ్ళలు దొరికితే తిరిగి గుంతల్లో పెట్టి మూసేయొచ్చు. అడిగాను. నా రెండో వాక్యం ప్రకారం ఎత్తి ఎరువు గుంతలో వేసేశారట.

ఇంతలో ఒక రిటైర్డ్ ఆఫీసరు గారు బంతి దొర్లించారు. అది మూడడుగులు పోయి ఇసుకలో కూర్చుంది. "దీనికి పార్ ఎంతయ్యా?" అని అడిగారు. పార్ అంటే బంతిని గుంతలో వేయడానికి ఇన్ని దెబ్బలు చాలని పెట్టే లెక్క. వెనకే సెక్రటరీ గారు. నేర్చుకున్నది వృథా పోకూడదు కదా, ఆయన కళ్లలోకి సూటిగా చూసి చిరునవ్వు నవ్వాను.

"పైగా నవ్వుతున్నావా?" అన్నారు.

మేస్త్రీని కూడా ట్రైనింగులో కూర్చోబెడదామని అడిగితే, బడ్జెట్ మేనేజర్లకే అన్నది ఈయనే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

రాతపూర్వకంగా వివరణ ఇవ్వమన్నారు. నాలుగో పేజీలో ఉన్నాను, ఇంకా ఆదివారం రాత్రి దాటలేదు. ఇసుక ట్రాక్టరాయన డబ్బుల కోసం మళ్లీ ఫోన్ చేస్తున్నాడు.