ఇంటి తోటలో ఖర్చెక్కడ, లాభమెక్కడ?

2024 జనవరిలో ‘నేచర్ సిటీస్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇంట్లో కూరగాయలు పెంచుకునేవాళ్లకు రుచించేది కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకుల నేతృత్వంలో ఫ్రాన్స్, జర్మనీ, పోలండ్, బ్రిటన్, అమెరికాల్లోని 73 పట్టణ తోటలను, సాగు క్షేత్రాలను పరిశీలించారు. నగరంలో పండిన కూరగాయలు ఒకసారి వడ్డించుకునే పరిమాణానికి సగటున 420 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వస్తుంటే, మామూలు పొలాల్లో పండినవాటికి 70 గ్రాములే అని తేలింది. ఆరు రెట్ల తేడా. ఇంటి పంటంటే ప్రకృతికి మేలే అని నమ్మేవాళ్లకు ఈ లెక్క మింగుడు పడదు.

కానీ ఆ ఆరు రెట్లూ ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే అసలు విషయం తెలుస్తుంది. తప్పు మొక్కలది కాదు. అందులో పెద్ద వాటా తోట కోసం కట్టిన, కొన్న వస్తువులది: ఎత్తు మడులు, షెడ్లు, నడకదారులు. ఇరవై ఏళ్లు వాడదగ్గ మడిని ఐదేళ్లకే పీకేస్తే ఏడాదికి పడే భారం నాలుగింతలవుతుంది. అదే అధ్యయనంలో ఇంకో మాటా ఉంది. నగర తోటల్లో ఆరుబయట నేలలో పండించిన టమాటాలు గ్రీన్‌హౌస్‌లో పండించిన టమాటాల కంటే మెరుగ్గా తేలాయి. విమానాల్లో తెచ్చే ఆస్పరాగస్ (లేత కాడలు తినే కూరగాయ) కంటే ఇంటి ఆస్పరాగస్ కూడా అంతే. అంటే ఏం పండిస్తున్నాం, దానికోసం ఏమేం కొంటున్నాం అన్న రెండు ప్రశ్నలతోనే ఇంటి తోట మంచిచెడ్డలు తేలిపోతాయి. ఈ రెండింటి గురించే మనం అతి తక్కువ ఆలోచిస్తున్నామని నా అభిప్రాయం.

ఇప్పుడు తోట మొదలుపెట్టడమంటే ముందుగా సరుకులు ఆర్డర్ పెట్టడం అయిపోయింది. గ్రో బ్యాగులు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకలు, రెడీమేడ్ మట్టి, స్టాండ్లు, డ్రిప్ కిట్లు, రంగురంగుల పనిముట్లు, పది రకాల ద్రావణాల సీసాలు. విత్తనం మొలవక ముందే డబ్బులు ఖర్చైపోతాయి. రెండు సీజన్లలో ఎండకు సంచులు చిరిగిపోతాయి, ఉత్సాహమూ తగ్గుతుంది, మొత్తం బాల్కనీ మూలకు చేరుతుంది. మొక్కకు ఇవేవీ అక్కర్లేదు. అడుగున చిల్లులున్న ఏ పాత బకెట్టైనా, టబ్బైనా సరిపోతుంది. రసాయనాలో పురుగుమందులో నిల్వ చేసిన డబ్బాలు మాత్రం ఎంత కడిగినా వాడకూడదు. కోకోపీట్ తేలిగ్గా ఉంటుంది, తడిని పట్టి ఉంచుతుంది, నిజమే. కానీ అందులో మొక్కకు తిండి దాదాపు ఉండదు. సరిగా కడగని సరుకైతే ఉప్పు కూడా ఉంటుంది. దాన్నే మట్టి అనుకుని విత్తనం వేసేవాళ్లు నెల తిరిగేసరికి పసుపు రంగుకు తిరిగిన మొక్కల్ని చూస్తూ మందుల కోసం వెతుకుతారు.

డాబా మీద పెంచేవాళ్లు బరువు సంగతి తేల్చుకోకుండా మొదలుపెట్టకూడదు. ఒక చదరపు మీటరు మేర అడుగు లోతున తడి మట్టి వేస్తే నాలుగైదు వందల కిలోలు తూగుతుంది. ఇళ్ల పైకప్పులు చాలావరకు అంత బరువు మోసేలా కట్టినవి కావు. ఇంజినీరును అడగకుండా డాబా అంతా మడులు కట్టడం ప్రమాదకరం. ఆకుకూరలకు అరడుగు లోతు చాలు కాబట్టి, పంట ఎంపికతోనే ఈ బరువు సగానికి తగ్గిపోతుంది.

ఇక లాభం సంగతి. ఇంటి తోటను చాలామంది కిలోల్లో కొలుస్తారు, అందుకే నిరాశ పడతారు. ఒక కుటుంబం ఏడాది తినే ఉల్లిపాయల్ని, బంగాళాదుంపల్ని నాలుగు కుండీల్లో పండించలేం. పండించినా ప్రయోజనం తక్కువ, ఎందుకంటే అవి నెలల తరబడి నిల్వ ఉంటాయి. పొలంలో తవ్విన నాటికీ వంటింటికి చేరిన నాటికీ వాటి రుచిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. ఇంటి తోట గెలిచేది కోతకీ వంటకీ మధ్య పట్టే సమయం దగ్గర. మొక్కజొన్న పొత్తునే తీసుకోండి. కోసిన తర్వాత కూడా గింజ శ్వాసిస్తూనే ఉంటుంది, అందులోని చక్కెర పిండిపదార్థంగా మారిపోతుంటుంది. తీపి మొక్కజొన్నను 30 డిగ్రీల వేడిలో ఉంచితే ఒక్క రోజులోనే చక్కెరలో 60 శాతం దాకా పోవచ్చు. సున్నా డిగ్రీల్లో ఉంచితే పోయేది 6 శాతమే. పచ్చి బఠానీ తీపి కూడా ఇలాగే తగ్గుతుంది. దూరం వెళ్లాల్సిన టమాటాలను చాలాసార్లు పచ్చిగా ఉండగానే కోసి, ఇథిలీన్ వాయువుతో రంగు తెప్పిస్తారు. రంగొస్తుంది కానీ, తీగ మీద పండిన కాయకుండే వాసన రాదు.

పరిమళపు ఆకుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. తులసి జాతికి చెందిన బేసిల్ ఆకు చలిని తట్టుకోలేదు, ఫ్రిజ్‌లో పెడితే నల్లబడుతుంది. బయట పెడితే వాడిపోతుంది. కొత్తిమీర కట్ట కొంటే వాడేది గుప్పెడు, మిగిలింది కుళ్లి చెత్తబుట్టలోకి. అదే కుండీలో ఉంటే ఆ పూటకు కావాల్సిన నాలుగు రెమ్మలు తుంచుకోవచ్చు, మిగతాది రేపటికి ఇంకాస్త పెరుగుతుంది. తక్కువ చోటులో, తక్కువ మట్టితో, తక్కువ ఎండతో ఎక్కువ ప్రయోజనమిచ్చేది ఇదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు టమాటా దగ్గర కాకుండా పుదీనా, కొత్తిమీర, ఆకుకూరల దగ్గర మొదలుపెట్టాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ధనియాలు వేశాం, మొలవలేదు అనే ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. మనం గింజ అనుకునేది నిజానికి కాయ, దాని లోపల రెండు విత్తనాలుంటాయి. నేల మీద పరిచి పైనుంచి సీసాను మెల్లగా దొర్లిస్తే పప్పు నలగకుండా రెండు బద్దలుగా విడిపోతాయి. వాటిని కొన్ని గంటలు నానబెట్టి, పెంచబోయే కుండీలోనే నేరుగా చల్లాలి. కొత్తిమీరకు తల్లివేరు పొడవుగా దిగుతుంది కాబట్టి నారు పీకి నాటితే దెబ్బతింటుంది. మొలక రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అంతవరకూ పైమట్టి ఆరిపోకూడదు. వేడి పెరిగితే ఆకు ఆగిపోయి కాడ పైకి లేచి పూత వచ్చేస్తుంది. దాన్ని ఏ ఎరువూ ఆపలేదు, నీడ కొంత ఆలస్యం చేస్తుంది అంతే. కాబట్టి ఒకేసారి కుండీ నిండా చల్లే కంటే రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెంగా వేసుకోవడం మేలు.

పుదీనాకు అసలు విత్తనమే అక్కర్లేదు. కొన్న కట్టలోంచి ముదురు కాడను తీసి, కింది ఆకులు తుంచి నీళ్లలో పెడితే కణుపుల దగ్గర తెల్లటి వేర్లు వస్తాయి. నాటేటప్పుడు మాత్రం దానికి వేరే కుండీ ఇవ్వాలి. మట్టి కింద పిలకలు పాకించి పక్క మొక్కల చోటంతా ఆక్రమిస్తుంది. తోటకూరను వేళ్లతో పీకేయకుండా రెండు మూడు అంగుళాలు వదిలి కోస్తే, మిగిలిన కణుపుల నుంచి కొత్త చిగుళ్లు వేసి మళ్లీ కోతకొస్తుంది.

ఎండ లెక్క చూసుకోకుండా మొక్కలు కొనడం వల్ల జరిగే నష్టం ఏ పురుగు వల్లా జరగదు. టమాటా, మిరప, వంగ, బెండ లాంటి కాయ కాసే మొక్కలకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నేరుగా పడే ఎండ కావాలి. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతోనూ సరిపెట్టుకుంటాయి. పని మొదలుపెట్టే ముందు ఒక సెలవు రోజున ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎండ మీ బాల్కనీలో ఎక్కడ పడుతోందో, ఎప్పుడు జరిగిపోతోందో గంట గంటకీ చూసి రాసుకోండి. రుతువు మారితే ఎండ పడే చోటు కూడా మారుతుంది. మూడు గంటల ఎండలో టమాటా పెంచుతూ పూత ఎందుకు రావడం లేదని టెన్షన్ పడి ఎరువు మీద ఎరువు వేసేవాళ్లున్నారు. నత్రజని ఎక్కువైతే ఆకు మరింత గుబురవుతుంది, కాయ మాత్రం రాదు.

ఎండ సరిపోయినా టమాటా ఇంకో పరీక్ష పెడుతుంది. కాయ అడుగున, పూత రాలిన చోట, మొదట నీళ్లు నానినట్టు కనిపించే చుక్క వస్తుంది. నాలుగు రోజుల్లో అది నల్లబడి, గుంటపడి, తోలులా గట్టిపడుతుంది. కాల్షియం లోపమని ఎవరో చెబుతారు, వెంటనే గుడ్డు పెంకులు పొడి చేసి వేస్తారు. కాయలో కాల్షియం తక్కువైన మాట నిజమే. కానీ చాలాసార్లు మట్టిలో అది తగినంత ఉంటుంది. మొక్కలో కాల్షియం నీటి ప్రవాహంతోనే పైకి వెళుతుంది. ఆకుల నుంచి నీరు ఎక్కువగా ఆవిరవుతుంది కాబట్టి వాటికి ఎక్కువ చేరుతుంది, కాయకు అందేది అంతంతమాత్రం. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు కుండీ నిండా పోస్తే ఆ కొంచెం కూడా అందదు. పెంకులు మట్టిలో కలిసి మొక్కకు అందడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. దీనికి మందు క్రమం తప్పని నీళ్లు, మట్టిపై ఎండుటాకుల కప్పు. సుమారుగా చదరపు మీటరు మడికి వారానికి 25 లీటర్లు పడతాయి, ఎండాకాలంలో, కుండీల్లో ఇంకా ఎక్కువ. అయినా రోజూ అలవాటుగా పోయకుండా వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి చూడటం మంచిది. వేర్లకు గాలీ కావాలి. ఎప్పుడూ బురదగా ఉండే మట్టిలో అవి ఊపిరాడక కుళ్లిపోతాయి. అప్పుడు పైన ఆకు వాడిపోతే, నీళ్లు చాల్లేదేమో అనుకుని ఇంకా పోస్తారు.

ఇంట్లో పండింది కాబట్టి శుద్ధమైనదే అన్న నమ్మకం కూడా నాకు ఇబ్బందిగానే ఉంటుంది. అది మట్టి మీద ఆధారపడి ఉంటుంది. దశాబ్దాల పాటు వాహనాలు సీసం కలిపిన పెట్రోలుతో నడిచాయి. ప్రపంచంలో చివరి బంకు ఆ పెట్రోలు అమ్మకం ఆపింది 2021 జులైలో, అల్జీరియాలో. ఆ సీసం, పాత గోడల రంగుల్లోంచి రాలిన సీసం కుళ్లిపోయేవి కావు, పైమట్టిలోనే ఉండిపోతాయి. రద్దీ రోడ్డు పక్కన, పాత భవనాల పక్కన నేలలో పండించేవాళ్లు ఒక్కసారైనా మట్టి పరీక్ష చేయించాలి. ప్రమాదం ఎక్కువగా దుంపలకూ, మట్టి చిమ్మి అంటుకునే ఆకుకూరలకూ. కాయకూరల్లోకి చేరేది తక్కువ. అనుమానముంటే కొత్త మట్టి పోసిన మడిలోనో కుండీలోనో ఆకుకూరలు వేసి, నేలలో కాయజాతి మొక్కలు పెట్టుకోవచ్చు.

పురుగు విషయంలోనూ తొందరపాటు ఎక్కువైంది. చిగురు కింద పేనుబంక కనిపించగానే ఏదో ఒకటి కొట్టేస్తారు. ఆ చిగురును కొంచెం దగ్గరగా చూస్తే పేనుబంక మధ్యలో నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలి ఆకారంలో ఒక పురుగు తిరుగుతూ కనిపించవచ్చు. అది అక్షింతల పురుగు పిల్ల. పెద్ద పురుగు కంటే అదే ఆబగా పేనుబంకను తింటుంది. మందు కొడితే ముందు చచ్చేది అదే, ఆ తర్వాత పేనుబంక రెట్టింపుగా వస్తుంది. నీటి ధారతో కడిగేయడం, మరీ ముదిరితే సాయంత్రం పూట వేపనూనెను కొద్దిగా సబ్బు నీళ్లలో కలిపి ఆకు అడుగున చల్లడం చాలావరకు సరిపోతుంది. తినే ఆకుల మీద లేబుల్ లేని ద్రావణాలు కొట్టడానికి నేను ఏమాత్రం ఒప్పుకోను.

ఇంటి తోటలు ఆహార భద్రత ఇస్తాయన్న వాదనకు చరిత్రలో బలమైన ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943 నాటికి అమెరికాలో దాదాపు 2 కోట్ల ‘విక్టరీ గార్డెన్లు’ (యుద్ధకాలంలో జనం సొంతంగా వేసుకున్న కూరగాయల తోటలు) ఉండేవి. దేశంలో తాజా కూరగాయల్లో 40 శాతం దాకా వాటి నుంచే వచ్చిందని అంచనాలున్నాయి. యుద్ధం ముగియగానే అందులో చాలావరకు కనుమరుగయ్యాయి. కొరత భయంతో పుట్టిన తోటలు ఆ భయం పోగానే ఆగిపోయాయని నాకనిపిస్తుంది. పైగా ఆ 40 శాతం కూరగాయల్లోనే గానీ మొత్తం తిండిలో కాదు. మనిషికి రోజుకు సుమారు 2000 కేలరీలు కావాలి, 100 గ్రాముల పాలకూరలో ఉండేది 23. కడుపు నింపేది పొలమే. ఇంటి తోట ఇచ్చేది విటమిన్లు, రుచి, పారేయాల్సిన అవసరం లేని గుప్పెడు ఆకు. ఇది తక్కువేం కాదు, కానీ రైతుకు ప్రత్యామ్నాయం అని చెప్పడం సరికాదు.

స్థానిక సంస్థలు, నివాస సంఘాలు ఇంటి తోటల్ని ప్రోత్సహించాలనుకుంటే ప్లాస్టిక్ సంచులు, విత్తన ప్యాకెట్లతో కిట్లు పంచడం మానేయాలి. ఆ డబ్బుతో తడి చెత్తను వేరుచేయించి, బాగా మాగిన కంపోస్టును వాడవాడకూ అందుబాటులో పెట్టవచ్చు. మట్టిలో సీసం ఉందో లేదో చెప్పే పరీక్షను ఉచితం చేయవచ్చు. పది ఇళ్లకు కలిపి ఒక పార, ఒక జల్లెడ, ఒక స్ప్రేయరు ఉంటే చాలు, ఎవరికి వారు కొనాల్సిన పనిలేదు. బాల్కనీలో ఎండ రానివాళ్ల కోసం భవనం పైకప్పులో కొంత భాగాన్ని, అదీ మట్టి బరువును ప్లాన్ దశలోనే లెక్కలోకి తీసుకుని, ఉమ్మడి తోటకు వదలాలి. కొత్త భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు పార్కింగ్ జాగా ఎంత అని అడిగినట్టే, పైకప్పు ఎంత బరువు మోస్తుంది, అక్కడ నీటి కుళాయి ఉందా అని కూడా అడగాలి.