ఆయాసపడువారు స్వయంగా హాజరు కావలెను

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఆయాసం రోగులు లేరు. ఇది నేను కల్పించిన మాట కాదు. ఒక ఆఫీసులో, ఏ ఆఫీసో చెప్పను, బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి ఎంతో ఓపిగ్గా వివరించాడు. "ఊపిరితిత్తుల పునరావాస సేవలు కావాలని ఇంతవరకూ ఒక్కరూ వచ్చి అడగలేదండీ. అడిగేవాళ్లు లేనప్పుడు అవసరం ఉందని మేమెలా రాసుకుంటాం?" అన్నాడు. ఆయన తర్కంలో తప్పు వెతికాను. దొరకలేదు. ఆఫీసు మేడ మీద ఉంది. మెట్లు 22.

నేనడిగింది ఆయాసపడేవాళ్లని కసరత్తుతో మళ్లీ నడిపించే వైద్యం గురించి. అసలు చిక్కంతా ఆ పునరావాసం అన్న మాటలోనే ఉందేమో. పునరావాసం అంటే మా చుట్టుపక్కల ఎవరికైనా వంశధార ప్రాజెక్టు నిర్వాసితులే గుర్తొస్తారు. "అత్త ఊపిరితిత్తులకి పునరావాసం ఇప్పించాలి మావా" అని మా మావతో అంటే, "ఎకరాకి ఎంతిస్తారంట?" అని అడిగాడు. ఊపిరితిత్తుల్ని ఖాళీ చేయించి ఇంకోచోట కాలనీ కడతారనుకున్నాడు పాపం. పల్మనరీ రిహాబ్ అని సరిదిద్దాను. అప్పుడిక ఏమీ అడగలేదు.

జబ్బు పేరు ఇంకా గొప్పది: దీర్ఘకాలిక శ్వాసకోశ అవరోధక వ్యాధి. డాక్టర్లు సీవోపీడీ అని తేల్చేస్తారు. దీన్ని పట్టుకోవడానికి స్పైరోమెట్రీ అని ఒక గొట్టం పరీక్ష ఉంది. గుండెనిండా పీల్చి ఒక్క ఉదుటున ఊదాలి. ఊదిన మొత్తం గాలిలో 70 శాతమైనా మొదటి సెకనులో బయటపడకపోతే, మందు పీల్చాక కూడా అంతే ఉంటే, లోపలి దారులు ఇరుకైనట్టు లెక్క. ఆ యంత్రం లేని చోట్ల వాడుకోవడానికి నేనొక చవక పరీక్ష కనిపెట్టాను. రోగి చేత జబ్బు పేరు తెలుగులో ఒక్క గుక్కలో చెప్పించండి. 'అవరోధక' దగ్గర ఆగితే ఒక మోస్తరు. 'దీర్ఘ' దగ్గరే ఆగితే తీవ్రం. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. గ్రాంథికం పిల్లల చదువుకి అడ్డమని ఏళ్ల తరబడి వాదించారు. ఊపిరికి కూడా అడ్డమేనన్న పాయింటు ఆయనకి దొరికుంటే పండితులు ఇంకా ముందే చేతులెత్తేసేవారు.

మా మేనత్త 'దీర్ఘ' దగ్గరే ఆగుతుంది. 68 ఏళ్లు. బీడీ ముట్టలేదు, సిగరెట్టు ఎరగదు. అడ్డచుట్ట మాత్రం కాల్చింది, మా వైపు పాతకాలం ఆడవాళ్లలాగే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని. దాన్ని ఆవిడ పొగతాగడం కింద లెక్కెయ్యదు. "అది పంటినొప్పికి రా బావూ" అంటుంది. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదింది, ధాన్యం ఉడకబెట్టింది. గ్యాసు వచ్చాక దాని మీద టీ కాస్తోంది. బండ అయిపోతుందని అన్నం మాత్రం ఇప్పటికీ కట్టెల మీదే. దేశంలో సీవోపీడీ ఉన్నవాళ్లు 2016 నాటికి సుమారు 5.5 కోట్లని అంచనా. మగవాళ్ల చుట్టలతో పాటు ఇలాంటి వంటిళ్ల పొగ కూడా అందులో బాగానే పోగుపడింది.

అత్తకి ఊరంతా ఇచ్చిన సలహా ఒక్కటే: కూర్చో. కోడలు చేతిలో బిందె లాక్కుంది. కొడుకు సంతకి వెళ్లొద్దన్నాడు. మనవడు మంచం తెచ్చి వసారాలో వేశాడు. అందరిదీ ప్రేమే. ఆ ప్రేమే కొంప ముంచింది. రొప్పు వస్తుందని కూర్చుంటే తొడల్లో కండ కరుగుతుంది. బలం పోయిన కండ చిన్న పనికే ఎక్కువ గాలి అడుగుతుంది. గాలి చాలక రొప్పు ఇంకా పెరుగుతుంది. అప్పుడు అందరూ మళ్లీ కూర్చోమంటారు. మూడేళ్లలో అత్త లోకం సంత నుంచి వీధికి, వీధి నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి మంచానికి వచ్చింది.

పల్మనరీ రిహాబ్ చేసేది ఈ వరసని వెనక్కి తిప్పడమే. ఊపిరితిత్తుల్లో పోయింది తిరిగి రాదు. కాళ్లని మాత్రం బాగుచేస్తారు. నడిపిస్తారు, కుర్చీలోంచి లేపి కూర్చోబెడతారు, చేతులతో నీళ్ల సీసాలు ఎత్తిస్తారు. ఈల వేసేటప్పటిలా పెదాలు బిగించి ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పుతారు. ఇన్‌హేలర్ పీల్చే పద్ధతి సరిచేస్తారు (అత్త దాన్ని సెంటు సీసాలా మెడకి కొట్టుకునేది). ఆరు నుంచి ఎనిమిది వారాలు, వారానికి రెండు మూడు సార్లు. కోత లేదు, కుట్టు లేదు. అందుకే దీనికి మర్యాద లేదనుకుంటాను. చూడ్డానికి వైద్యంలా ఉండదు. ఫిజియోథెరపీ అంటే మోకాళ్లకి కరెంటు పెట్టడమని మా ఊళ్లో గట్టి నమ్మకం.

పెద్దాసుపత్రి అంటే మాకు అటు బరంపురం, ఇటు విశాఖపట్నం. బరంపురం వైద్య కళాశాలకి పెట్టింది మా రాజు కృష్ణచంద్ర గజపతి గారి పేరే. పేరు మాదే, ప్రయాణమూ మాదే. ఎటు వెళ్లినా వంద కిలోమీటర్ల పైమాటే. కాబట్టి కాస్త లెక్క చూద్దాం. వారానికి రెండు సార్ల చొప్పున ఎనిమిది వారాలంటే 16 ప్రయాణాలు. రానూపోనూ 200 కిలోమీటర్లు వేసుకున్నా 3,200. గుమ్మం దాటలేని మనిషిని గుమ్మం దాటించడానికి దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా బస్సులో తిప్పాలన్నమాట. తట్టుకుని వెళ్లినవాణ్ని చూసి అక్కడివాళ్లు "మీరు బాగానే ఉన్నారే" అంటారు. తట్టుకోలేనివాడు వెళ్లడు. వెళ్లడు కనక లెక్కలో ఉండడు. ప్రపంచం మొత్తమ్మీద చూసినా ఈ సేవ అవసరమైనవాళ్లలో నూటికి ఐదుగురికి కూడా అందడం లేదట. ఈ ఒక్క విషయంలో మా జిల్లా అంతర్జాతీయ స్థాయిలో ఉందని గర్వంగా మనవి చేస్తున్నాను.

రోగి బలం కొలిచే పరీక్షకి ఖర్చే లేదు. 30 మీటర్ల చదునైన వరండాలో ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలడో చూస్తారు. నేనొక ఆసుపత్రి వరండాని అడుగులేసి కొలిచాను. ముప్ఫై మీటర్లూ నిక్షేపంగా ఉన్నాయి. వాటిలో పదకొండు చాపలు, రెండు స్ట్రెచర్లు, మూలకి తోసేసిన ఒక ఫ్రిజ్, దాని కింద ఒక కుక్క.

మరి కార్డుంది కదా అంటారు. ఉంది. ఆయుష్మాన్ కార్డు మీద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం. కాకపోతే ఆసుపత్రిలో చేరాలి, ఓపీకి వర్తించదు. అంటే అత్తకి ఊపిరి అందక పెదాలు నీలమెక్కితే డబ్బుంది. నీలమెక్కకుండా నడక నేర్పిస్తే లేదు. ఒకసారి ఆసుపత్రిలో చేరి ఇంటికొచ్చాక త్వరగా రిహాబ్ మొదలుపెడితే మళ్లీ చేరాల్సిన అవసరం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అలా అందరూ చేరడం మానేస్తే ఆ 5 లక్షలు ఎవరికి ఇస్తారు? వ్యవస్థ గురించి కూడా కాస్త ఆలోచించాలి.

ఇవన్నీ ఆలోచించి ఒక అర్జీ రాశాను. 2023లో ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని మార్చారు. అదే ఏడాది జాతీయ అసాంక్రమిక (అంటుకోని) వ్యాధుల కార్యక్రమంలోకి సీవోపీడీ కూడా చేరింది. మందిరం అన్నాక ప్రదక్షిణలు ఉండాలి కదా. డాక్టరు ఒకసారి చూసి సరేనన్నాక, రోగులు వారానికి మూడు రోజులు మందిరం చుట్టూ తిరగాలి. రొప్పు వస్తే ధ్వజస్తంభం బదులు నీళ్ల ట్యాంకు పట్టుకుని ఆగాలి. ఎంత జోరుగా నడవాలో చెప్పడానికి మీటరు అక్కర్లేదు. నడుస్తూ "గోవిందా" అనగలగాలి, కీర్తన పాడలేకపోవాలి. ఒక కుర్చీ, రెండు నీళ్ల సీసాలు, కోవిడ్ నాడు కొని బీరువాలో పెట్టిన వేలి ఆక్సీమీటరు, పక్కన శిక్షణ పొందిన ఒక ఆశా దీదీ. వెక్కిరింతకే రాశాను. తిరిగి చదువుకుంటే భయమేసింది, నిజంగానే పనిచేసేలా ఉంది.

మేడెక్కి ఇచ్చాను. పెద్దమనిషి రెండుసార్లు చదివాడు.

"ఇందులో కొనడానికేమీ లేదే?"

"లేదండీ."

"మరి టెండరు దేనికి పిలవాలి?" అని కాసేపు ఆలోచించి, చివరికి ఒక దారి చూపించాడు. "అర్జీ మీ పేరు మీద ఉంది. మీకు ఆయాసం లేదు. బాధితులు స్వయంగా వచ్చి అడిగితే రికార్డులోకి ఎక్కుతుంది."

మర్నాడు అత్తని ఆటోలో తీసుకెళ్లాను. 22 మెట్లకి ఇరవై నిమిషాలు పట్టింది. నాలుగో మెట్టు మీద ఆగాం, ఏడో మెట్టు మీద ఆగాం, పన్నెండో మెట్టు మీద అత్త కూలబడితే కింద నుంచి వచ్చిన ప్యూను పక్కనుంచి ఎక్కి వెళ్లిపోయాడు. పైకి చేరాక పెద్దమనిషి కుర్చీ వేయించాడు, నీళ్లు తెప్పించాడు. మంచివాడే.

"చెప్పండమ్మా, ఏం కావాలి?"

అత్త నోరు తెరిచింది. గొంతులో పిల్లికూతలు తప్ప మాట రాలేదు. నేను చెప్పబోతే ఆయన చేత్తో ఆపాడు, ఆవిడే చెప్పాలట. ఒక నిమిషం చూశాడు. రెండు నిమిషాలు చూశాడు. వెనక క్యూ పెరుగుతోంది. రిజిస్టరులో ఒడియాలో ఒక వరస రాసి, వేలిముద్ర కోసం మావైపు తిప్పాడు. కూడబలుక్కుని చదివాను: అర్జీదారు హాజరయ్యారు, కోరిక ఏమీ తెలపలేదు.

బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబెడితే అప్పుడు అందింది అత్తకి ఊపిరి. కిందికి తొంగి చూసింది.

"దిగడానికీ ఈ మెట్లేనేటిరా బావూ?"