యూదా సువార్త: ఒక్క ‘కి’ దగ్గర తిరగబడిన అర్థం

బైబిలులో చేరని పురాతన క్రైస్తవ గ్రంథం యూదా సువార్త. దాని చేతిరాత ప్రతిలో 44వ పుటలో యేసు నవ్వుతాడు. నవ్వి, తనను శత్రువులకు అప్పగించిన శిష్యుడు ఇస్కరియోతు యూదాతో అంటాడు: “పదమూడో దైమోన్‌వి నువ్వు, ఎందుకింత ఆరాటపడుతున్నావు?” దైమోన్ గ్రీకు మాట. ఈ ప్రతి ఈజిప్టు పాత భాష కాప్టిక్‌లో ఉన్నా ఆ మాటను లేఖకుడు అలాగే ఉంచాడు. దాన్ని ‘ఆత్మ’ అంటే యూదా యేసుకు అందరికన్నా దగ్గరివాడు. ‘దయ్యం’ అంటే అందరికన్నా దూరమైనవాడు. 2006 ఏప్రిల్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ ఈ గ్రంథాన్ని ఇంగ్లీషులో విడుదల చేసినప్పుడు అనువాదకులు ‘ఆత్మ’ను ఎంచుకున్నారు. యూదా ద్రోహి కాడు, యేసు రహస్యం తెలిసిన ఒకే ఒక్క శిష్యుడు అన్న వార్త ప్రపంచమంతా పాకింది.

ఏడాదిన్నర తర్వాత, 2007 డిసెంబరు 1న, రైస్ విశ్వవిద్యాలయంలో బైబిలు అధ్యయనాల ఆచార్యురాలు ఏప్రిల్ డీకానిక్ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశారు. కాప్టిక్ మూలాన్ని చదివితే వీరుడైన యూదా కనిపించడని అందులో తేల్చి చెప్పారు. ఆమె ఒంటరి కాదు. కెనడాలోని లావల్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయీ పెంషో 2006లోనే ఈ సందేహాన్ని లేవనెత్తారు.

డీకానిక్ వాదనల్లో తెలుగువాళ్లకు తేలిగ్గా అందేది 46వ పుటలోని వాక్యం. అక్కడ యూదా యేసును అడుగుతాడు: “నేను పొందిన మేలేమిటి? నన్ను ఆ తరానికి వేరుచేశావు కదా.” ‘ఆ తరం’ అంటే రక్షణ పొందే పరిశుద్ధ తరం. ఇక్కడ కాప్టిక్ క్రియ ‘పోర్జ్’, వేరుచేయడం. దాని తర్వాత వచ్చే విభక్తి లాంటి మాట ‘ఎ’. మామూలుగా ‘ఎ’ మన ‘కి, కు’ లాంటిది. 2006 అనువాదం దాన్ని ‘కోసం’ అని తీసుకుంది: ఆ తరం కోసం నన్ను ప్రత్యేకించావు. కానీ మన భాషలోనే చూడండి. ‘ఊరికి వెళ్లాడు’, ‘ఊరికి దూరమయ్యాడు’. రెండుచోట్లా ఒకటే ‘కి’, అర్థాలు ఎదురెదురు. దిక్కును నిర్ణయించేది క్రియ. కాప్టిక్‌లోనూ అంతే. ‘పోర్జ్’ పక్కన చేరిన ‘ఎ’కు ‘నుంచి’ అనే అర్థం ఉంది. పైగా ముందున్న ప్రశ్న చూడండి. ‘నాకేం మేలు’ అనేది ఫిర్యాదు గొంతు. ప్రత్యేక గౌరవం అందుకున్నవాడు అలా అడగడు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు అదే పుట చివర ఉంది. పరిశుద్ధ తరం వైపు నీ ఆరోహణను వాళ్లు శపిస్తారని యేసు యూదాతో అన్నట్టు 2006 అనువాదం చెప్పింది. ప్రతిలో ఉన్నది ‘నువ్వు ఎక్కవు’. అనువాదకులు మూలాన్ని సవరించడంలో వ్యతిరేకార్థం ఎగిరిపోయింది. ఆ పొరపాటును సొసైటీ ఒప్పుకుంది కూడా. కానీ అప్పటికే మొదటి అనువాదం లక్షల మంది చేతుల్లోకి వెళ్లిపోయింది.

అందరూ ఉదహరించే వాక్యం 56వ పుటలోది: “నువ్వు వాళ్లందరినీ మించిపోతావు. నన్ను తొడుక్కున్న మనిషిని నువ్వు బలి ఇస్తావు.” ఆ మనిషి అంటే యేసు దేహం. మించిపోవడం దేనిలో? మంచిలోనా, చెడులోనా? పై వరుసలు కొన్ని చిరిగిపోయాయి. అయితే చిరుగుకు ముందు సాక్లాస్‌కు బలులు అర్పించేవారి ప్రస్తావన ఉంది. సాక్లాస్ ఈ గ్రంథంలో లోకాన్ని చేసిన మూఢ దేవుడు. చిరుగు తర్వాత, ‘మించిపోతావు’కు సరిగ్గా ముందు, ‘చెడ్డదంతా’ అన్న మాట మిగిలింది. ఈ రెంటి మధ్య ‘మించిపోతావు’ను మెచ్చుకోలుగా చదవాలంటే చాలా శ్రమపడాలి.

మొదటి అనువాద బృందంలోని మార్విన్ మేయర్ తన పక్షాన్ని వదులుకోలేదు. ఆయన వాదనకు బలం లేకపోలేదు. ప్లేటో రచనల్లో దైమోన్ దేవతలకూ మనుషులకూ నడుమ ఉండే శక్తి. సోక్రటీసు లోపలి హెచ్చరిక స్వరానికి వాడిన ‘దైమోనియోన్’ కూడా ఆ మాట నుంచి వచ్చిందే. ‘పదమూడో’ అన్న మాట విషయంలో మేయర్ ‘పిస్తిస్ సోఫియా’ అనే గ్రంథాన్ని చూపించారు. అందులో సోఫియా దేవి నివాసం పదమూడో లోకమే, ఆమె దుష్టురాలు కాదు. కానీ యూదా సువార్త సేతియ వర్గపు రచన. ఆదాము కొడుకు షేతును తమ మూలపురుషుడిగా చెప్పుకున్న పురాతన జ్ఞానవాదులు వాళ్లు. ఆ వర్గపు గ్రంథాల్లో పదమూడు అనేది లోకాన్ని పాలించే మూఢ దేవుడి సంఖ్య. ఇక క్రైస్తవుల రాతల్లో దైమోన్‌కు మంచి అర్థం దొరకడం చాలా అరుదు. మన తెలుగు బైబిలు అనువాదకులు ఆ కుటుంబపు మాటలకు ‘దయ్యము’ అనే రాశారు. ఈ రెండు విషయాల్లో డీకానిక్‌దే సరైన దారి అని నా నిశ్చయం.

ఇంత నిపుణులు ఇలా ఎలా పొరబడ్డారు? వాళ్ల పాండిత్యంలో లోపం లేదు. పని జరిగిన వరుసలో లోపం ఉంది. చిరిగిన పపైరస్‌ను, అంటే జమ్ము నారతో చేసిన పాతకాలపు కాగితాన్ని, చదవడంలో మూడు మెట్లున్నాయి. కనిపించే అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు ఎత్తిరాయడం, చిరుగుల్లో పట్టే అక్షరాలను లెక్కగట్టి చదరపు కుండలీకరణాల్లో పూరించడం, ఆ తర్వాతే అనువదించడం. రెండో మెట్టులో పూరించేవారి ఊహ తప్పక దూరుతుంది. బయటివాళ్లు దాన్ని సరిచూడాలంటే ఛాయాచిత్రాలు చేతిలో ఉండాలి. ఇక్కడ కొద్దిమంది గోప్యతా ఒప్పందాల మీద సంతకాలు చేసి పని చేశారు. అనువాదం ముందు వచ్చింది, ఛాయాచిత్రాలతో కూడిన విమర్శనాత్మక ముద్రణ 2007లో గానీ రాలేదు. వాటిని కూడా అసలు కొలత కంటే బాగా కుదించి అచ్చువేశారు. ఒక అక్షరపు తోక తేడాతో అర్థం మారే చోట ఇది చిన్న విషయం కాదు. మృతసముద్రం దగ్గర దొరికిన పురాతన యూదు గ్రంథాల చుట్టల మీద కొద్దిమంది గుత్తాధిపత్యం చూసి విసిగిన సొసైటీ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్ 1991లోనే ఒక తీర్మానం చేసింది: ప్రతిని అందరికీ చూపించలేని స్థితి ఉంటే, ముందు దాని ఛాయాప్రతిని ప్రచురించాలి. ఆ ఒక్క నియమం పాటించి ఉంటే ‘ఎక్కవు’ ‘ఎక్కడం’గా మారి లోకమంతా తిరిగేది కాదు.

ఈ చేతిరాత ప్రతి పడ్డ పాట్లు చూస్తే పండితుల తొందర కొంత అర్థమవుతుంది. 1970లలో ఈజిప్టులోని అల్ మిన్యా ప్రాంతంలో బయటపడిన ఈ పుస్తకాన్ని 1983లో జెనీవా హోటల్లో కొందరు పండితులకు కాసేపు చూపించారు. ఫోటో తీయనివ్వలేదు. అడిగిన ధర 30 లక్షల డాలర్లు. ఆ తర్వాత న్యూయార్క్ సమీపంలోని హిక్స్‌విల్‌లో బ్యాంకు లాకరులో 16 ఏళ్లు నలిగింది. 2000లో దాన్ని పురావస్తువుల వ్యాపారి ఫ్రీడా చాకోస్ కొన్నారు. ఆమె తండ్రి ఇంటిపేరే ఇప్పుడు ఆ పుస్తకానిది. మధ్యలో ఒక వ్యాపారి దాన్ని ఫ్రీజరులో పెట్టడంతో పపైరస్ మరింత పెళుసెక్కింది. స్విట్జర్లాండులో కాప్టిక్ పండితుడు రొడాల్ఫ్ కాసర్, పాత ప్రతుల సంరక్షకురాలు ఫ్లోరెన్స్ డార్బ్ర్ చేతికి వచ్చేసరికి అవి పొడిరాలే తునకలు. ఒక్కో తునకలో నార ఏ దిక్కుకు పోతోందో చూసుకుంటూ ఏళ్ల తరబడి అతికారు. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

గ్రంథం పుట్టిన కాలం సంగతి వేరు. అరిజోనా విశ్వవిద్యాలయం చేసిన కార్బన్ పరీక్ష క్రీ.శ. 280కి అటూ ఇటూ 60 ఏళ్లు అని చెప్పింది. అది పపైరస్ వయసు, రచన వయసు కాదు. కాప్టిక్ పాఠం గ్రీకు నుంచి వచ్చిన అనువాదం. ఆ గ్రీకు మూలం దొరకలేదు. సుమారు 180లో లియోన్ బిషప్ ఇరేనియస్ ‘యూదా సువార్త’ అనే కల్పిత గ్రంథాన్ని తిట్టాడు కాబట్టి రచన అంతకు ముందుదని చాలామంది అంటారు. ఇందులో ఒక మెలిక ఉంది. ఇరేనియస్ చెప్పిన మనుషులు బైబిలులో చెడ్డవాళ్లుగా పేరుపడ్డ కయీనునూ సొదొమ వాళ్లనూ తమవాళ్లుగా చెప్పుకునేవారు. మన ప్రతిలో వాళ్ల ఊసే లేదు. ఆయన పుస్తకం చదివి రాశాడా, విని రాశాడా అన్నది ఇంకా వివాదమే. ఏదైనా ఒక్కటి స్పష్టం: యేసు మరణించి శతాబ్దం దాటాక పుట్టిన ఈ రచన నుంచి చారిత్రక యూదా మనసు తెలుసుకోలేం.

వీరుడా దయ్యమా అన్న పోట్లాటలో గ్రంథం అసలు కోపం ఎవరి మీదో మరుగున పడింది. మొదటి దృశ్యంలో శిష్యులు రొట్టె మీద కృతజ్ఞతాస్తుతి చేస్తుంటే యేసు నవ్వుతాడు. ఆ తర్వాత శిష్యులకు ఒక దర్శనం కలుగుతుంది: గొప్ప మందిరంలో బలిపీఠం, పన్నెండుమంది యాజకులు. అక్కడ కొందరు సొంత పిల్లల్నీ భార్యల్నీ బలి ఇస్తున్నారు. ‘ఆ యాజకులు మీరే’ అంటాడు యేసు. అపొస్తలుల పేరు చెప్పుకుని బలిని పవిత్రం చేస్తున్న నాయకుల మీద, విశ్వాసుల్ని హతసాక్షి మరణానికి, అంటే మతం కోసం చావడానికి, తోస్తున్న బోధ మీద ఇది దాడి అని పండితులు ఎలేన్ పేగెల్స్, కారెన్ కింగ్ 2007లో వాదించారు. యూదాను మంచివాడిగా చూడటంలో వాళ్లతో నేను ఏకీభవించను, ఈ విషయంలో ఏకీభవిస్తాను. యూదా దయ్యమైతే ఈ దాడి ఇంకా పదునెక్కుతుంది. శిష్యులు గౌరవించే బలిని చేతులారా జరిపించేవాడు పదమూడో దయ్యమే అవుతాడు.

గ్రంథంలో సిలువ లేదు, పునరుత్థానం లేదు. యూదా డబ్బు తీసుకుని యేసును అప్పగించాడన్న వాక్యంతో కథ ఆగిపోతుంది. దాని కిందే పేరు ఉంది. మత్తయి, మార్కుల గ్రీకు శీర్షికల్లో ‘ప్రకారము’ అన్న మాట ఉంటుంది, ఇక్కడ అది లేదు. ‘యూదా ప్రకారము’ కాదు, ‘యూదా యొక్క సువార్త’. మనం ‘మత్తయి సువార్త’, ‘యూదా సువార్త’ అని ఒకే తీరున రాసేస్తాం కాబట్టి తెలుగులో ఈ తేడా వినపడదు. ఇది యూదా చెప్పిన సువార్త కాకపోవచ్చు, యూదా గురించిన సువార్త కావచ్చు.