ఫ్రిజ్ ఆపితే మిగిలేది పులిసిన పిండే

మే నెలలో ఒక పొద్దున వంటింట్లోకి వెళ్లేసరికి ఫ్రిజ్ కింద నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. తలుపు తీశాను. ఇడ్లీ పిండి మూతను నెట్టుకుని పైకొచ్చి, కింది అరలో ఉన్న కొత్తిమీర మీద కారింది. పెరుగు గిన్నె దగ్గరికి తెస్తేనే పుల్లటి వాసన. కరెంటు పోయిందేమో అనుకుంటే, స్విచ్చే ఆపేసి ఉంది.

"అమ్మా, ఫ్రిజ్ ఎవరు ఆపారు?"

"నేనేరా. రాత్రి ఆపి పొద్దున వెయ్యమని బాబాయి గ్రూపులో పెట్టాడుగా. బిల్లు సగానికి సగం పడిపోతుందట."

ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. "మధ్యతరగతి ఇంటికి పొదుపు సూత్రాలు, ఇవి పాటిస్తే నెలకు ₹5,000 మిగులు" అని మొదలై, పది మందికి పంపమని ముగుస్తుంది. మా ఇంట్లో ఎండాకాలం కరెంటు బిల్లు, గ్యాస్ బండ, నెలకు వాడే నూనె, మూడూ కలిపినా ఐదు వేలు కాదు. అసలు ఖర్చే లేని చోట ఐదు వేలు ఎలా మిగులుతాయో బాబాయిని అడగలేదు. పెద్దాయన, నొచ్చుకుంటాడు. ఆ సూత్రాలను మాత్రం ఒక్కొక్కటీ లెక్కగట్టి చూశాను.

"ఫోన్ ఛార్జర్ సాకెట్‌లో వదిలేస్తే నెలకు వంద రూపాయలు వృథా" అన్నది మొదటి సూత్రం. 1000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఫోన్ తగిలించని ఛార్జర్ పావు వాట్ లాగుతుందనుకుందాం. ఇప్పటివి చాలావరకు అంత కూడా లాగవు. నెలంతా, అంటే 720 గంటలు, సాకెట్‌లోనే ఉన్నా యూనిట్‌లో ఐదో వంతు కాదు. డబ్బుల్లో రూపాయిన్నర లోపే.

కాగితం మీద లెక్క అమ్మ నమ్మలేదు. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అన్నీ ఆపేసి ఇద్దరం మీటరు దగ్గర నిలబడ్డాం. మీటరు మీద ఒక ఎర్ర లైటు మినుకు మినుకు మంటుంటుంది కదా, అది ఎన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్టో పక్కనే రాసి ఉంటుంది. మాది 3200. ఫ్యాన్ ఒక్కటే వేస్తే పదిహేను సెకన్లకోసారి మెరిసింది. ఛార్జర్ ఒక్కటే ఉంచితే పది నిమిషాలు చూసినా మెరవలేదు. చివరికి ఛార్జర్ కూడా తీసేసి, టీవీ ఆపి, సెట్‌టాప్ బాక్స్‌ను మాత్రం ఎప్పటిలాగే వదిలేశాం. రెండు నిమిషాలు కాకుండానే మెరిసింది. అంటే ఎవరూ చూడకపోయినా అది పది వాట్లు తింటోంది. రోజుకు ఇరవై గంటలు అలా వదిలేస్తే నెలకు ఆరు యూనిట్లు. మెసేజ్‌లో ఆ పెట్టె ఊసే లేదు.

ఇక ఫ్రిజ్. మాది సింగిల్ డోరు. తలుపు మీద నక్షత్రాల లేబుల్‌లో ఏడాదికి 170 యూనిట్లు అని ఉంది. నెలకు పద్నాలుగు, డబ్బుల్లో మహా అయితే ₹110. అంటే ఫ్రిజ్‌ను పాతసామాన్ల వాడికి ఇచ్చేసినా తగ్గేది అంతే, బిల్లు సగం కావడమన్న ప్రశ్నే లేదు. రాత్రి ఎనిమిది గంటలు ఆపితే అందులో మూడో వంతు మిగలాలి కదా అంటారేమో. అదీ మిగలదు. రాత్రంతా లోపలికి చేరిన వేడిని పొద్దున కంప్రెసర్ మళ్లీ బయటికి తోడాలి. పైగా ఫ్రిజ్ లోపల ఐదు డిగ్రీలు దాటితే సూక్ష్మజీవులు చకచకా పెరుగుతాయి. వాసన రాని కూర కూడా మంచిదని చెప్పలేం. ఆ రోజు మేం పారబోసిన పిండి, పెరుగు ఖరీదే ఆ మిగులు కన్నా ఎక్కువ. ఫ్రిజ్ దగ్గర నిజంగా చూడాల్సింది తలుపు రబ్బరు. పేపరు ముక్క పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయినట్టే.

మెసేజ్ రాసినవారు కరెంటు గురించి ఇన్ని చెప్పి అసలైనది వదిలేశారు: శ్లాబు, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు మారే మెట్టు. తెలంగాణలో ఇళ్ల రేట్లు చూడండి. నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు ₹3.40, రెండో వందకు ₹4.80. సరిగ్గా 200 వాడితే యూనిట్ల ఖర్చు ₹820. అదే 201 అయితే? మొదటి రెండు వందలకూ ₹5.10 చొప్పున వేసి, ఆపైన ఒక్క యూనిట్‌కు ₹7.70. మొత్తం ₹1,027.70. ఫిక్స్‌డ్ ఛార్జీలు వేరే. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు ₹207.70. ఇక 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వచ్చే ఇంట్లో అయితే, ఆ గీత దాటిన నెల బిల్లు మొత్తం కట్టుకోవాల్సిందే. సెట్‌టాప్ బాక్స్ తినే ఆరు యూనిట్లు అక్కడ పనికొస్తాయి. నెలలో ఇరవయ్యో రోజున మీటరు చూసుకుంటే ఎక్కడున్నామో తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరు. 2022 నుంచి అక్కడ పెద్ద రేటు గీత దాటిన యూనిట్లకే పడుతుంది, మొదటి యూనిట్లకు తక్కువ రేటే ఉంటుంది. ఒకే మెసేజ్ రెండు రాష్ట్రాలకూ పంపేవారికి ఇదెందుకు పడుతుంది!

"ఏసీ 18లో పెట్టండి, గది త్వరగా చల్లబడ్డాక ఆపేయండి" అని ఇంకొకటి. రిమోట్‌లో 18 నొక్కినంత మాత్రాన కంప్రెసర్‌కు కొత్త బలం రాదు. గది వేడిగా ఉన్నప్పుడు 24 అన్నా అది తన శక్తి కొద్దీ తోడుతుంది, 18 అన్నా అంతే. మనం చెప్తున్నది ఎక్కడ ఆగాలో మాత్రమే. 18కి చేరేలోపు మనం దుప్పటి కప్పుకుంటాం, కంప్రెసర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెప్తుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలని నిబంధన తెచ్చింది కూడా అందుకే. 26లో పెట్టి ఫ్యాన్ వేసుకోండి, నిద్ర హాయిగా పడుతుంది.

ఆ ఫ్యాన్ గురించి కూడా ఒక సూత్రం ఉంది: "ఒకటిలో పెట్టినా ఐదులో పెట్టినా కరెంటు ఒకటే, కాబట్టి అక్కర్లేనప్పుడు పూర్తిగా ఆపండి." ఇది ఒకప్పటి నిజం. గోడకు ఇటుక సైజులో ఉండే పాత డబ్బా రెగ్యులేటర్లు గుర్తున్నాయా? ముట్టుకుంటే వెచ్చగా ఉండేవి. ఫ్యాన్‌కు వెళ్లకుండా ఆపిన కరెంటును అవి వేడిగా మార్చేసేవి, అందుకే మిగులు పెద్దగా ఉండేది కాదు. ఇప్పుడు స్విచ్‌బోర్డులో ఇమిడిపోయే చిన్న రెగ్యులేటర్లతో అలా కాదు. స్పీడు తగ్గిస్తే కరెంటూ తగ్గుతుంది.

ఈ సూత్రం చదివాక అమ్మ మధ్యాహ్నం పూట ఫ్యాన్ ఆపుకుని, కొంగుతో విసురుకుంటూ కూర్చోవడం మొదలుపెట్టింది. నాకు కోపం వచ్చింది దానికే. రెండు గంటలు ఫ్యాన్ ఆపితే 0.15 యూనిట్, రూపాయి పావలా లోపు. అరవై ఐదేళ్ల మనిషి మే నెలలో రూపాయి కోసం చెమటలు కక్కాలా? అదే 75 వాట్ల ఫ్యాన్ తీసి తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే, రోజుకు పదిహేను గంటల లెక్కన నెలకు ఇరవై యూనిట్లు తగ్గుతాయి. రేటు ₹2,500 నుంచి మూడు వేలు ఉంటుంది, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి రెండేళ్లు పడుతుంది. మేం హాల్లో ఒక్కటే మార్చాం. రోజంతా తిరిగేది అదే.

మొత్తం మెసేజ్‌లో నాకు భయం వేసింది గ్యాస్ దగ్గర. "బండ అయిపోవస్తే పడుకోబెట్టండి, లేదా వేడినీళ్ల టబ్‌లో పెట్టండి, ఇంకో వారం వస్తుంది." దయచేసి ఈ పని చేయకండి. బండలో అడుగున ద్రవం, పైన ఆవిరి ఉంటాయి. రెగ్యులేటర్‌లోకి రావాల్సింది ఆవిరే. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్ మీదికి వస్తుంది. అది బయటపడితే కొన్ని వందల రెట్ల ఆవిరిగా వ్యాపిస్తుంది, మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. ఇక వేడినీళ్లు లోపలి ఒత్తిడిని పెంచుతాయి. 14.2 కిలోల బండలో అడుగున మిగిలే కాసింత గ్యాస్ కోసం ఇంత సాహసం ఎందుకు? గ్యాస్ మిగలాలంటే కందిపప్పు అరగంట ముందు నానబెట్టండి, కుక్కర్ మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టండి. మంట నీలంగా కాకుండా పసుప్పచ్చగా వస్తుంటే బర్నర్ రంధ్రాలు శుభ్రం చేయించండి. ఇవి చేస్తే బండ నాలుగు రోజులు ఎక్కువే వస్తుంది.

"గారెలు వేయించిన నూనె పారబోయకండి, వడకట్టి అయిపోయేదాకా వాడండి." సగం సరే. ఒకసారి కాచిన నూనెను వడకట్టి ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు, కూరలకు వాడేయొచ్చు. మళ్లీ మళ్లీ కాచి దాంట్లోనే అప్పడాలు, బజ్జీలు వేయించడమే తప్పు. కాగేకొద్దీ నూనె చెడి, అందులో పోలార్ పదార్థాలనేవి పెరుగుతాయి. అవి 25 శాతం మించితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జులై నుంచి అమలు చేస్తోంది. మన ఇంట్లో కొలిచే సాధనం లేదు, కానీ నల్లబడి, జిగురుగా మారి, నురగ కడుతుంటే తెలిసిపోతుంది.

"ఏదైనా టోకున కొంటే చవక" అన్నదానికి పెద్దగా చెప్పాల్సింది లేదు. చింతపండు, ఎండుమిర్చి కొత్త పంట వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా కొనడం, కందిపప్పుకు ఆముదం రాసి దాచడం మన అమ్మమ్మలు మనకు నేర్పినవే. సూపర్‌మార్కెట్‌లో పెద్ద ప్యాకెట్ మాత్రం ప్రతిసారీ చవక కాదు. ఎంఆర్‌పీ పక్కనే గ్రాముకో కిలోకో ఎంతో కూడా ఇప్పుడు ముద్రిస్తున్నారు, చిన్నదీ పెద్దదీ పక్కపక్కన పెట్టి ఆ అంకె చూడండి. బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకైందో తెలుసా? 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వేశారు, వ్యాపారులు కిలో కలిపి గీత దాటేశారు. శ్లాబు గీత ఎక్కడుందో వాళ్లకు బాగా తెలుసు.

అన్నిటికన్నా ఎక్కువ మంది నమ్మేది టీ సూత్రం. "రోజూ బయట తాగే ₹20 టీ మానేసి ఆ డబ్బు సిప్‌లో వేస్తే ఇరవై ఏళ్లకు కోటి." సిప్ అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత వేయడం. రోజుకు ఇరవై అంటే నెలకు ₹600. ఏడాదికి 12 శాతం చొప్పున ఇరవై ఏళ్లూ తప్పకుండా వస్తుందనే అనుకుందాం, ఆ హామీ ఎవరూ ఇవ్వరనుకోండి. అప్పుడూ చేతికొచ్చేది సుమారు ఆరు లక్షలు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే అప్పటి ఆరు లక్షలతో కొనగలిగేది ఇవాళ రెండు లక్షల లోపే. కోటి కావాలంటే నెలకు దాదాపు ₹10,000 వేయాలి. అంటే రోజుకు పదిహేడు టీలు మానాలి. అన్ని తాగేవాడు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లడం మంచిది.

బాబాయి మెసేజ్‌లో ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. బండలో ఎంత గ్యాస్ ఉందో తెలియాలంటే తడిగుడ్డతో తుడిచి చూడమన్నాడు. తుడిచి కాసేపు ఆగితే పైభాగం తొందరగా ఆరుతుంది, లోపల ద్రవం ఉన్నంత మేరా చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ తడి నిలుస్తుంది. అమ్మ తుడిచింది. తడి గీత అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తులో ఆగింది. అదే రోజు ఇంకో బండ బుక్ చేశాం.