బేక్‌వెల్‌లో బాబాయ్ సోమవారం

తెనాలి నుంచి వచ్చిన బాబాయ్, పిన్ని "లండన్ చాల్లే, ఏదన్నా మామూలు ఊరు చూపించు" అంటే బేక్‌వెల్ తీసుకెళ్ళా. డెర్బీషైర్ కొండల మధ్య వై నది ఒడ్డున ఉంటుంది, షెఫీల్డ్ నుంచి దగ్గరే. సోమవారం అక్కడ సంత, 1254లో మొదలైన సంత అది, కార్ పార్కింగ్ దొరికేసరికే సగం పూట అయిపోయింది.

బాబాయ్ తిన్నగా పశువుల వేలం దగ్గరకెళ్ళాడు. వేలం వేసేవాడు గుక్క తిప్పుకోకుండా ఏదో అరుస్తుంటే ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఏ గొర్రె ఎంత చేస్తుందో పక్కనుంచి మాకు చెప్తూనే ఉన్నాడు. ఏడొందలేళ్ళ నాటి అయిదు కమానుల రాతి వంతెన చూపిస్తే "ఊఁ, మన ప్రకాశం బ్యారేజీకి డెబ్భై గేట్లు" అన్నాడు.

ఇంక ఆకలి. ఆ ఊళ్ళో బేక్‌వెల్ పుడ్డింగ్ ఫేమస్, ఆత్రేయపురం పూతరేకుల కొట్లలాగా ప్రతి షాపువాడూ అసలుది మాదే అంటాడు. ఒకటి కొని నది ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాం, చుట్టూ బాతులు. బాబాయ్ అయితే "కింద పఫ్ పొరలు, లోపల జామ్, పైన బాదం వాసన, భలే ఉందిరా" అంటూ లాగించేస్తున్నాడు. నేను హిస్టరీ ఎత్తుకున్నా, ఇప్పుడు రట్లండ్ ఆర్మ్స్ హోటల్ ఉందే, అక్కడ పాత సత్రం ఉండేదట, 1800ల్లో ఓనరమ్మ జామ్ టార్ట్ చెయ్యమంటే వంటావిడకి సరిగ్గా అర్థంకాక, పిండిలో కలపాల్సిన గుడ్లూ బాదంపొడీ తీసుకెళ్ళి జామ్ మీద పోసేసిందని చెప్తారు, అని.

బాబాయ్ నమలడం ఆగిపోయింది.

"గుడ్లా?"

"సోమవారం!" అంది పిన్ని.

"నాకేం తెలుసే, పైకి కనపడిందా?" అని బాటిల్ నీళ్ళన్నీ పుక్కిలించాడు, బాతులు ఏదో పెడుతున్నాడనుకుని కాళ్ళ దగ్గరకొచ్చేశాయి. పోనీ ఐసింగూ చెర్రీ ఉన్న టార్ట్ తింటావా అన్నా. అందులోనూ గుడ్డే. మిగిలిన సగం పుడ్డింగ్ పిన్ని జాగ్రత్తగా డబ్బాలో సర్దింది.

"రేపు తింటాలే" అన్నాడు బాబాయ్.

"రేపు మంగళవారం, ఆంజనేయస్వామి."

బుధవారం పొద్దున్నే మొహం కూడా కడుక్కోకుండా ఫ్రిజ్ తీశాడు పాపం. డబ్బా ఖాళీ. ఇంతకీ పిన్నికి ఏ వారాలూ లేవు, ఉన్నవన్నీ బాబాయ్‌కే.